పైన్ అడవిలో గురివింద

ఆ ఎర్ర గింజలు మొదటిసారి కనిపించిన రోజున నేను సున్నపురాతి మీద మోకాళ్లూని, ఒక పొద అడుగు నుంచి తీగ లాగుతున్నాను. ఎండిన కాయ చేతి తొడుగుకు తగిలి పటుక్కున విచ్చుకుంది. లోపల ఐదు గింజలు. ఎర్రగా, నున్నగా, ఒక కొసన నల్లటి మచ్చతో. అమెరికాలో, ఫ్లోరిడా దక్షిణపు చివర, మయామీ శివారులో మిగిలిన చిన్న పైన్ అడవిలో గురివింద గింజలు!

మా తాతగారు కంసాలి. ఆయన కూర్చునే పీట పక్కన చిన్న తక్కెడ, ఇత్తడి డబ్బా నిండా గురివింద గింజలు ఉండేవి. ఆయన కాలానికే మిల్లీగ్రాముల రాళ్లు వచ్చేశాయి. అయినా ముక్కుపుడక తూచాల్సి వస్తే ముందు గింజలతో తూచి, తరవాతే రాళ్లతో సరిచూసుకునేవారు. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి గింజలు వేళ్ల సందుల్లోంచి జారవిడవడం నాకు ఎంతో ఇష్టం. "నోట్లో పెట్టుకోకు తల్లీ, విషం" అని ఆయన హెచ్చరించని రోజు లేదు.

అందుకే, బయటి నుంచి వచ్చి ఈ అడవిని కమ్మేస్తున్న మొక్కలను తీసేసే మా బృందాన్ని నడిపించే ఆవిడ నా వెనక నిలబడి, "ఇక్కడ చేరిన తీగల్లో మహా మొండిది అదే. వేరుతో సహా తీయండి. ఒక్క గింజ కూడా నేల మీద వదలకండి" అన్నప్పుడు ఆ మాట నాకే తగిలినట్టయింది. ఆవిడకు నా తాతగారి తక్కెడ సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు. గింజలు ఏరి సంచిలో వేశాను.

మూడేళ్లయింది. ఆసుపత్రి ప్రయోగశాలలో శుక్రవారం రాత్రి పని ముగించుకుని, శనివారం పొద్దున ఏడున్నరకల్లా నేరుగా అడవికి వెళతాను. నిద్ర మధ్యాహ్నానికి వాయిదా. అసలు అక్కడ ఏమి చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో మన భాషలో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పైన్ అనగానే మన మనసులో మెదిలేవి మంచుకొండలు. ఇక్కడ మంచు లేదు, కొండా లేదు. పైన్ చెట్టు పక్కనే ఈత పొదలాంటి సా పామెట్టో, దాని పక్కన ఆకు వెనకవైపు వెండిలా మెరిసే సిల్వర్ పామ్. దీన్ని పైన్ రాక్‌లాండ్ అంటారు. పేరులోనే ఉన్నట్టు, కాళ్ల కింద ఉన్నది రాయి. మట్టి దాదాపు లేదు. ఆ రాయి కూడా చదునైన బండ కాదు, వాననీరు తొలిచి తొలిచి గుంతలు చేసిన సున్నపురాయి. దగ్గరగా చూస్తే చేపగుడ్లు ముద్దగా అంటుకుపోయినట్టు సన్నటి గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇదంతా లోతులేని వెచ్చటి సముద్రపు అడుగు. ఆ రాతి పగుళ్లలోకే వేళ్లు దించి నిలబడింది ఈ పైన్.

ఎత్తుగా పెరిగే చెట్టు ఇక్కడ అదొక్కటే, దక్షిణ ఫ్లోరిడా స్లాష్ పైన్. చెట్ల మధ్య ఎడం ఎక్కువ, ఎండ నేల దాకా దిగుతుంది. అడవి సంపదంతా ఆ నేల మీదే, మోకాలి ఎత్తులోపే ఉంటుంది. వందల రకాల గడ్డి, పూలమొక్కలు, నేలబారు తీగలు. వాటిలో కొన్ని ఈ ఒక్క కౌంటీలో, అంటే మయామీ ఉన్న జిల్లాలో, తప్ప భూమ్మీద మరెక్కడా లేవు.

ఈ రాతి గట్టు చుట్టూ ఉన్న చిత్తడి నేలల కంటే కొన్ని అడుగులే ఎత్తు. ఆ కొన్ని అడుగులే దాని కొంప ముంచాయి. నీరు నిలవని నేల కాబట్టి మయామీ నగరం, రైలుమార్గం, పొలాలు, ఇళ్లు అన్నీ దాని మీదికే వచ్చాయి. ఆ పైన్ కలప మేకు దిగనంత గట్టిది, జిగురు నిండి చెదలు పట్టనిది. దాంతో చెట్లూ పోయాయి. పాత ఇళ్ల దూలాల్లో ఆ కలప ఇప్పటికీ ఉంది, దాన్ని నిలబెట్టిన అడవి మాత్రం లేదు. ఎవర్‌గ్లేడ్స్ జాతీయ ఉద్యానంలో లాంగ్ పైన్ కీ అనే చోట పెద్ద తునక ఒకటి మిగిలింది. ఉద్యానం బయట, ఈ కౌంటీలో ఒకప్పుడున్న దానిలో 2 శాతం కూడా లేదు. ఆ రెండు శాతమూ ఒకచోట లేదు. ఒక తునక ఆసుపత్రి వెనక, ఒకటి పాఠశాల పక్కన, ఒకటి రెండు రహదారుల నడుమ. ఫ్లోరిడా కీస్ దీవుల్లో కొంత, సముద్రం దాటితే బహామాస్‌లో కొంత ఉంది. 

ఈ అడవికి నిప్పు కావాలి. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. వానలు మొదలయ్యే మే, జూన్ నెలల్లో పిడుగులు పడి, మూడేళ్లకో ఏడేళ్లకో ఒకసారి మంట నేలబారుగా పాకిపోయేది. పైన్ బెరడు పొరలు పొరలుగా మందంగా ఉంటుంది, పైపైన మాడి ఊరుకుంటుంది. పామెట్టో ఆకులు కాలినా కాండం నేలకు అంటుకుని బతికే ఉంటుంది. పిల్ల పైన్ తీరు మరీ వింత. పుట్టిన తొలి ఏళ్లలో అది చెట్టులా ఎదగదు. పొడవాటి సూదులతో గడ్డి దుబ్బులా నేల మీదే ఉండిపోతుంది. ఒకసారి ఆ దుబ్బును వేళ్లతో విడదీసి చూశాను. మధ్యలో తెల్లటి పొలుసులు కప్పుకున్న లేత మొగ్గ ఉంది. చుట్టూ ఉన్న సూదులు కాలిపోతాయి గానీ వేడి మొగ్గ దాకా చేరనివ్వవు. అలా లోపల వేరు బలం కూడబెట్టుకుని, తరవాత ఒక్క ఊపున పైకి లేస్తుంది, మరో మంట వచ్చేలోపు తన కొన దానికి అందని ఎత్తుకు చేరాలన్నట్టు.

నిప్పు రాకపోతే ఇరవై ముప్పై ఏళ్లలో వెడల్పాటి ఆకుల చెట్లు కమ్ముకుంటాయి, నేల మీద నీడ పడుతుంది, ఆ చిన్న మొక్కలన్నీ మాయమవుతాయి. ఇది నాకు అర్థమైన రోజు నుంచి మా పని గురించి నా ఆలోచనే మారింది. చూసేవాళ్లకు మేము కలుపు తీస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి మేము ఆ అడవిలో మళ్లీ మంట పెట్టగలిగే పరిస్థితి తెస్తున్నాం. ఎందుకంటే బయటి నుంచి వచ్చిన మొక్కలు ఇక్కడ ముందుగా చెడగొట్టింది నిప్పునే.

బర్మా రీడ్ సంగతే చూడండి. నేను దాన్ని బర్మా రెల్లు అంటాను, అచ్చం మన రెల్లులాగే ఉంటుంది కాబట్టి. పది అడుగులు దాటిన ఎత్తు, చివర వెండిరంగు కుచ్చులు. గాలికి ఊగుతుంటే అందంగానే ఉంటుంది. భారతదేశం, బర్మా, చైనా వైపు నుంచి వచ్చిన గడ్డి అది. 1910లలో అమెరికా వ్యవసాయ శాఖ మయామీ పక్కన కోకొనట్ గ్రోవ్‌లో ప్రయోగాత్మకంగా పెంచింది. అక్కడి నుంచి గాలి పట్టుకుని రోడ్ల పక్కన, రైలు పట్టాల పక్కన, చివరికి పైన్ అడవుల్లోకి చేరింది. దాని ఎండుటాకులు దుబ్బులోనే పోగుపడతాయి. నిప్పు తగిలితే ఇంటి చూరు అంటుకున్నట్టే. మోకాలి ఎత్తులో పాకాల్సిన మంట ఆ కుచ్చుల మీదుగా పైన్ కొమ్మల్లోకి ఎక్కుతుంది. వందల ఏళ్లుగా మంటకు అలవాటుపడిన చెట్టు ఆ మంటకు చచ్చిపోతుంది. రెల్లు మాత్రం నేలలోపలి కాండం నుంచి వారం పది రోజుల్లో మళ్లీ లేస్తుంది. మంట తరవాత ఇంకా జోరుగా పూస్తుంది.

దానికి సరిగ్గా ఎదురు బ్రెజిలియన్ పెప్పర్. 1840లలో దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన చెట్టు. చలికాలంలో గుత్తులు గుత్తులుగా ఎర్రటి చిన్న పళ్లు కాస్తుంది. పక్షులు తిని ఊరంతా జల్లాయి. ఈ రాష్ట్రంలో 7 లక్షల ఎకరాలకు పైగా ఆక్రమించిందని లెక్క. మన మామిడి, జీడిమామిడి కుటుంబమే. కొమ్మ నరికితే మామిడి సొన వాసన గుప్పుమంటుంది. మొదటి ఏడాది నేను పొడుగు చేతుల చొక్కా లేకుండా నరికి, మోచేతి నుంచి మణికట్టు దాకా పది రోజులు బొబ్బలతో ఉన్నాను. చిన్నప్పుడు పచ్చి మామిడికాయ సొన తగిలి పెదవి చివర పొక్కినట్టే, కాకపోతే చెయ్యంతా. ఈ చెట్టు గుబురు కింద చీకటిగా, చెమ్మగా ఉంటుంది. గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే మంట పాకదు. రెల్లు నిప్పును రెచ్చగొడితే ఇది నిప్పును ఆర్పేస్తుంది. రెండూ ఒకే తునకలో చేరిన చోట ఏమి చేయాలో పెద్ద అనుభవం ఉన్నవాళ్లు కూడా గంటసేపు నిలబడి ఆలోచిస్తారు.

దానితో పోరాటం ఎంత దూరం వెళ్లిందో చెప్పే ఉదాహరణ ఎవర్‌గ్లేడ్స్‌లోనే ఉంది. హోల్ ఇన్ ది డోనట్ అని పిలిచే చోట సున్నపురాతిని యంత్రాలతో పిండిచేసి, 1975 దాకా కూరగాయలు పండించారు. సాగు ఆగిపోగానే ఆ పొడి నేలంతా ఈ చెట్టే. 6 వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ చోట నరికినా, కాల్చినా, మందు కొట్టినా లొంగలేదు. చివరికి పొలం కోసం మనిషి తయారుచేసిన ఆ మట్టినంతా అడుగున బండ తగిలేదాకా గీకి ఎత్తిపోశారు. అప్పుడు గానీ అక్కడి సొంత గడ్డి తిరిగి రాలేదు. అడవి నడుమ నేలనే తొలగించాల్సి వచ్చిందంటే, ఆ పని చేసినవాళ్ల తెగువకు నేను చేతులు జోడిస్తాను. 2019లో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఒక రకం తామర పురుగును దీని మీదికి వదలడం మొదలుపెట్టారు. తామర పురుగు అంటే మన మిరప రైతుకు గుండె గుభేలుమంటుంది. కానీ ఈ రకం ఈ చెట్టు లేత చిగుళ్లనే పట్టుకుంటుందని ఏళ్ల తరబడి పరీక్షించాకే అనుమతి ఇచ్చారు. పుట్టినచోట దాన్ని అదుపులో ఉంచిన పురుగులేవీ దాని వెంట సముద్రం దాటి రాలేదు. ఆ లోటు ఇప్పుడు పూడ్చుతున్నారు.

ఇక గురివింద. ఇది రెల్లులా మండదు, పెప్పర్‌లా నీడ పరచదు. చుట్టుకుంటుంది. పామెట్టో మీద, పొదల మీద, పిల్ల పైన్ మీద మెలికలు వేసి పైకెక్కి దుప్పటిలా కప్పేస్తుంది. మంట వస్తే పైన తీగ మాడిపోతుంది, లోతుగా దిగిన వేరు మళ్లీ చిగురిస్తుంది. గింజ రాయిలాంటిది, ఏళ్ల తరబడి నేలలో ఓపిగ్గా ఉంటుంది. లేత మొక్కనైతే తడి నేలలో వేరుతో లాగవచ్చు. ముదిరినదాని వేరు రాతి పగుల్లో ఇరుక్కుని ఉంటుంది, లాగితే తెగుతుంది. అందుకని నేలకు ఆనించి కోసి, ఆ కోసిన చోట వెంటనే కలుపు మందు అద్దాలి. ఆలస్యమైతే కోత మూసుకుపోయి మందు లోపలికి దిగదు. నా పని చాలావరకు ఇదే. చేతి కత్తెర, చిన్న సీసా, గుడ్డ సంచి.

ఇందులో ఒక పెద్ద పొరపాటు నా చేతుల మీదుగా జరగబోయింది. అదే రాతి మీద, అదే గడ్డి మధ్య స్మాల్స్ మిల్క్‌పీ అనే నేలబారు తీగ ఉంటుంది. అదీ చిక్కుడు కుటుంబమే. 1985 నుంచి ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో ఉంది, ఈ కౌంటీలో తప్ప ఎక్కడా లేదు. నేను కొత్తలో ఒక తీగను పట్టుకుని లాగబోతుంటే పక్కనున్న పెద్దాయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. "ఆకు చూడమ్మా" అన్నట్టు వేలు పెట్టి చూపించారు. గురివింద ఆకు చింతాకులా రెండు వరుసల చిన్న చిన్న రెక్కలతో ఉంటుంది. మిల్క్‌పీకి చిక్కుడు ఆకులా మూడే రెక్కలు, మధ్యలో చిట్టి గులాబీ ఊదా పువ్వు. అప్పటి నుంచి ఏ తీగ పట్టుకున్నా ముందు ఆకు లెక్కపెడతాను. ఆ తీగ ఇప్పటికీ అక్కడే ఉంది. వెళ్లినప్పుడల్లా ఒకసారి చూసి వస్తాను.

ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ నొచ్చుకుంది.

"గురివింద తీగను పీకేస్తున్నావా? తాతయ్య ఉంటే ఏమనేవారే?"

"అమ్మా, ఇక్కడ దాన్ని తినే పురుగు లేదు, దానికి అడ్డం వచ్చే చెట్టు లేదు. ఇక్కడి మొక్కలను ఊపిరాడనివ్వడం లేదు."

కాసేపు మాట్లాడలేదు. తరవాత తనే అడిగింది. "మన చెరువు గట్టంతా సర్కారు తుమ్మ కమ్మేసిందే, అలాగా?"

"అచ్చం అలాగే. ఆ తుమ్మ కూడా ఈ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే."

"అయితే పీకు. చేతులు జాగ్రత్త" అంది.

సర్కారు తుమ్మ, వయ్యారిభామ, పులికంప. మనల్ని ఏడిపిస్తున్న మొక్కలు ఈ వైపు నుంచి వచ్చాయి. ఇక్కడ నేను నరుకుతున్న వాటిలో సగం మన పెరటివి. దిరిసెన ఇక్కడ ఆక్రమణ మొక్కల మొదటి జాబితాలో ఉంది. నేరేడు ఉంది. కాగితం మిల్లుల కోసం మన రైతులు వేసే సుబాబుల్, తనూ బయటిదే అయినా, ఇక్కడి రోడ్ల పక్కన గుంపులుగా నిలబడి ఉంది. అలాగని బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా ఇలా చేయదు. ముల్గోబా మామిడి 1889లో మన దేశం నుంచి ఫ్లోరిడాకు వచ్చింది, దాని గింజ నుంచే ఇక్కడ పేరుపడ్డ హేడెన్ పుట్టింది. నూరేళ్లు దాటినా మామిడి తోటల్లోనే, పెరళ్లలోనే ఉంది, పైన్ అడవికి దానివల్ల బెడద లేదు. ఏది ఎక్కడ అదుపు తప్పుతుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకే తెచ్చి నాటే ముందు పదిసార్లు ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను.

పులికంప గురించి ఒక్క మాట ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. లంటానా అనే ఆ పొద మన అడవుల్లో ఎంత విస్తరించిందో తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ పైన్ అడవికి సొంత లంటానా ఒకటి ఉంది. నేలకు దగ్గరగా పాకే చిన్న పొద, అన్నీ పసుపుపచ్చ పూలే. ఫ్లోరిడాలో తప్ప ఎక్కడా లేదు. తోటల కోసం తెచ్చిన రంగురంగుల లంటానా పక్కకు రాగానే రెండూ కలిసి సంకర గింజలు పడుతున్నాయి. తరం తరవాత తరం పసుపు పూల మొక్క తన రూపం కోల్పోతోంది. ఇక్కడ తీగ చుట్టుకోవడం లేదు, నీడ పడటం లేదు, మంట ఎక్కడం లేదు. పుప్పొడి తగిలితే చాలు. బతికున్న మొక్క తనది కాని దానిగా మారిపోతోంది. ఒక నర్సరీలో ఆ రంగుల లంటానాను "ఇక్కడి సొంత మొక్క" అన్న చీటీ పెట్టి అమ్ముతుంటే చూసి, అక్కడి అమ్మాయితో అరగంట మాట్లాడాను. ఆమె వినింది. మరుసటి నెల వెళితే చీటీ అలాగే ఉంది. మళ్లీ మాట్లాడాను.

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను ఈ తునకల మీదుగా వెళ్లింది. గాలికి విరిగినవి కొన్ని, దెబ్బతిని నిలబడ్డాక బెరడు తొలిచే పురుగులు పట్టి చనిపోయినవి మరెన్నో. చాలా తునకల్లో పెద్ద పైన్ దాదాపు మిగలలేదు. ఒక్కసారిగా నేలంతా ఎండ, విరిగిన కొమ్మల గుట్టలు, వాటి మీదికి తీగలు. అప్పటికి రెండేళ్ల ముందు, 1990లో, ఈ కౌంటీ ఓటర్లు ఇలాంటి నేలలు కొని కాపాడటానికి రెండేళ్లపాటు ఆస్తి పన్ను ఎక్కువ కట్టడానికి ఒప్పుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు, ఓటు వేసి ఒప్పుకున్నారు. నేను శనివారాలు మోకాళ్లూనే నేల ఆ డబ్బుతో నిలిచిన నేలే. ఆ ఓటు వేసినవాళ్లలో ఒకరిద్దరు ఇప్పటికీ మాతో వస్తారు. మీ దయవల్ల ఈ చెట్లు ఉన్నాయి అని వాళ్లతో ఒకసారి అంటే, మాట మార్చి కత్తెర పదును చూసుకున్నారు.

నిప్పు పెట్టడం మాత్రం అంత సులువు కాదు. గాలి ఏ వైపు వీస్తోంది, తేమ ఎంత, పొగ రహదారి మీదికి వెళుతుందా, పక్కన ఆసుపత్రి ఉందా, బడి ఉందా? అన్నీ కుదిరిన రోజులు ఏడాదికి లెక్కపెట్టుకునేన్ని. మా తునకకు కుదిరిన రోజున నేను రోడ్డవతల నిలబడి చూశాను. పసుపు చొక్కాల మనుషులు నిప్పు చుక్కలు జార్చే డబ్బాలతో అంచు వెంట నడిచారు. నేను భయపడింది ఒక్కదానికే. తూర్పు మూలన మేము రెండేళ్లు తవ్విన బర్మా రెల్లు దుబ్బుల్లో ఏదైనా మిగిలి, మంటను పైన్ మీదికి ఎక్కిస్తుందేమోనని. మంట ఆ మూలకు వచ్చింది. మోకాలి ఎత్తులో, చిటపటలాడుతూ, పైన్ మొదళ్లను తాకి ముందుకు వెళ్లిపోయింది. పైన సూదులు కదిలాయి, అంటుకోలేదు. నా పక్కనున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకూ కళ్లు మండాయి, పొగ ఒక్కటే కారణం కాదు.

వారం తిరక్కముందే నల్లటి నేల మీద పామెట్టో పచ్చటి ఆకులు విప్పింది. కూంటీ మొక్కలు లేత చుట్టలు చుట్టలుగా లేచాయి. కూంటీ అంటే ఈత మొక్కలా కనిపించే ప్రాచీనమైన మొక్క. దాని దుంపలోని విషాన్ని కడిగి ఇక్కడి ఆదివాసులైన సెమినోల్ ప్రజలు పిండి చేసుకునేవారు. తరవాత వచ్చినవాళ్లు మిల్లులు పెట్టి తవ్వి తవ్వి దాదాపు లేకుండా చేశారు. ఇక్కడి సొంత మొక్కల్లో దాని ఆకు తప్ప మరొకటి తినని అటాలా సీతాకోకచిలుక పూర్తిగా అంతరించిందనే చాలా ఏళ్లు అనుకున్నారు. ఇప్పుడు మా ఇంటి ముందు నేను నాటిన మూడు కూంటీల మీద దాని గొంగళి పురుగులు ఉన్నాయి. కుంకుమరంగు ఒంటి మీద పసుపు చుక్కలు. ఆకులన్నీ తినేశాయి, తిననిచ్చాను. ఇక్కడి ఫెయిర్‌చైల్డ్ వృక్ష ఉద్యానం ఇలా ఇళ్ల ముందు పైన్ అడవి మొక్కలు పెంచేవారికి మొక్కలు ఇస్తుంది, తునకకూ తునకకూ మధ్య పురుగులకు, తేనెటీగలకు దారి దొరకాలని.

మంట తరవాత నెల రోజులకు నేను వెతికింది మరొకటి. పైన్‌లాండ్ క్రోటన్. మన ఇళ్ల ముందు కుండీల్లో పెంచే రంగుల క్రోటన్ కాదు. సన్నటి ఆకులు, ఆకు అడుగున వెండి నూగు, చిన్న తెల్లపూలు. బార్‌ట్రమ్స్ హెయిర్‌స్ట్రీక్ అనే బూడిదరంగు సీతాకోకచిలుక దీని మీద మాత్రమే గుడ్లు పెడుతుంది. 2014లో దాన్ని ప్రమాదపు జాబితాలో చేర్చారు. కాలిన మొదలు నుంచి క్రోటన్ చిగుళ్లు వచ్చాయి. నేను లెక్కపెట్టినవి పందొమ్మిది. సీతాకోకచిలుక కనిపించలేదు. అది చేరగలిగిన దగ్గరి చోటు ఎంత దూరంలో ఉందో నాకు తెలుసు కాబట్టి, ఈ ఏడాదికి కనిపించకపోయినా దిగులుపడను.

ఆ పందొమ్మిదిలో నాలుగింటి మొదట్లో చింతాకు లాంటి లేత రెక్కలు కనిపించాయి. మంట పైతీగనే కాల్చింది, వేరు కింద ఉండిపోయింది. కాలిన నేల కాబట్టి ఒక మేలు ఉంది, ఎక్కడ మొలిచినా కంటబడుతుంది. గత శనివారం ఐదుగురం వరుసగా కూర్చుని, క్రోటన్ వేళ్లకు తగలకుండా ఒక్కొక్కటే తీశాం. పక్క తునకలో కాలకుండా మిగిలిన అంచు నుంచి గింజ పట్టిన తీగలు కూడా కోసుకొచ్చాం. ఎండకు కాయలు సంచిలోనే టపటపా పగులుతుంటే పైన ముడి బిగించాను.

పని అయ్యాక మేము తీసినదంతా తూచి పుస్తకంలో రాస్తాం. ఎక్కడ తగ్గుతోందో, ఎక్కడ పెరుగుతోందో తెలియాలి కదా. మా నాయకురాలు వేలాడే త్రాసు కొక్కేనికి నా సంచి తగిలించి, ముల్లు కదలకుండా ఆగేదాకా చూసింది. "గురివింద, 9 పౌన్లు" అంది. నేను పుస్తకంలో రాశాను. పోయిన ఏడాది ఇదే వారంలో అదే తునక నుంచి 31.